ప్రేగులలో అడ్డంకి: పేరొకటి, కారణములు పెక్కు

మనుష్యుని చిన్నప్రేగు పొడవు సుమారు 20 అడుగులు. దాని తరువాత వచ్చు పెద్దప్రేగు పొడవు సుమారు 5 అడుగులు. ఈ గొట్టము పొట్టలో చుట్టలు చుట్టుకొని యుండి, అలలు అలలుగా ముడుచుకొనుచు, తిన్న ఆహారమును క్రిందికి నెట్టుచుండును. త్రాగిన నీరు గాక, లాలాజలము, జఠరరసము, పైత్యరసము మున్నగు వాని రూపమున దినమునకు ఏడెనిమిది లీటర్ల ద్రవము శరీరమునుండియే ఈ గొట్టములోనికి వచ్చి, దాదాపు అంతయు తిరిగి రక్తములోనికి ఇంకిపోవుచుండును. ఆరోగ్యవంతునకు ఈ రాకపోకల సంగతియే తెలియదు.

ఈ దారి ఎచ్చటనైనను మూసికొనిపోయినచో దానిని వైద్యులు ఆంత్రావరోధమందురు. ప్రేగు ముడిపడినదనియు, ప్రేగు మెలిపడినదనియు జనులందురు. అడ్డంకికి పైనున్న భాగము గాలితోను ద్రవముతోను ఉబ్బిపోవును. రక్తములోనికి తిరిగి పోవలసిన నీరు ప్రేగులోనే నిలిచిపోవును, లేదా వాంతిరూపమున బయటికి పోవును. రోగి నోరెండి, కన్నులు లోతుకు పోయి, మూత్రము తగ్గి, నాడి వడిగా కొట్టుకొనుట ఇందువలననే.

దీని ముఖ్య లక్షణములు నాలుగు. తెరలు తెరలుగా వచ్చు కడుపునొప్పి మొదటిది. వాంతి రెండవది; అది తొలుత తిన్న అన్నముగను, పిదప పచ్చని పైత్యముగను, ఆలస్యమైన కొలది దుర్గంధముతో మలము వలెను ఉండును. పొట్ట ఉబ్బుట మూడవది. మలము గాని అపానవాయువు గాని వెడలకుండుట నాలుగవది. ఈ నాలుగవదానిని గూర్చి వైద్యుడు అడిగినపుడు సిగ్గుపడి ఊరకుండువారు పెక్కుమంది. అపానవాయువు ఎప్పటినుండి వెడలుట లేదో గంటలతో సహా చెప్పగల రోగి తన వైద్యునకు గొప్ప సాయము చేసినవాడగును.

నాలుగు లక్షణములును ప్రతివానికిని ఒకేసారి కనబడవు. అడ్డంకి పైభాగమున నున్నచో వాంతులు ముందు వచ్చును, పొట్ట అంతగా ఉబ్బదు. క్రిందిభాగమున నున్నచో పొట్ట ముందు ఉబ్బును, వాంతులు ఆలస్యముగా వచ్చును. అడ్డంకికి దిగువనున్న మలము ఒకటి రెండు సారులు వెడలుటయు కలదు. దానిని చూచి ఇంటివారు గండము గడిచినదని తలచి ఆసుపత్రి ప్రయాణమును మానుకొనుట ఎంతయు హాని.

అడ్డంకితో పాటు ప్రేగునకు రక్తము పోవు నాళములు కూడ నొక్కుకొనిపోయినచో సంగతి మారిపోవును. తెరలుగా వచ్చు నొప్పి ఎడతెగని నొప్పి యగును. జ్వరము వచ్చును. పొట్ట తాకనీయదు. కొన్ని గంటలలోనే ఆ భాగము నల్లబడి కుళ్ళి, చిల్లుపడి, విషము పొట్టయంతటను వ్యాపించును. ఈ వ్యాధిలో వైద్యుని మొదటి చింత అడ్డంకి ఎచ్చటనున్నదని కాదు. ప్రేగు బ్రతికియున్నదా లేదా యని.

ముగ్గురు రోగులు

ఒకే దినమున ఒక జిల్లా ఆసుపత్రికి ముగ్గురు రోగులు వచ్చిరనుకొందము. మొదటివాడు 55 ఏండ్ల రైతు. రెండవ రోగి 40 ఏండ్ల గృహిణి. అయిదేండ్ల క్రిందట ఆమెకు గర్భసంచి తీసివేసిరి. మూడవది 19 ఏండ్ల యువతి. ఆరు నెలలనుండి చిక్కిపోవుచున్నది, సాయంకాలము ఒళ్ళు వెచ్చబడుచున్నది. ముగ్గురకును కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బు. నిలుచుండబెట్టి తీసిన ఎక్స్‌రేలో ముగ్గురి ప్రేగులలోను గాలి పైనను ద్రవము క్రిందను నిలిచి, మెట్లు మెట్లుగా గీతలు కనబడినవి. మూడు చీట్లమీదను ఒకే మాట వ్రాయవచ్చును: ఆంత్రావరోధము. అది అబద్ధము కాదు. కాని ఆ ముగ్గురి వ్యాధులును మూడు వేరు వ్యాధులు, చికిత్సలును వేరు.

రైతు పంచె సడలించి చూచినపుడు కుడి గజ్జలో గట్టి వాపు కనబడినది. అది హెర్నియా. పొట్ట గోడలో బలహీనమైన చోటనుండి ప్రేగుచుట్ట వెలికి పొడుచుకొని వచ్చుటయే హెర్నియా. ఆరేండ్లనుండి దగ్గినపుడు వెలికి వచ్చుచు, పడుకొన్నపుడు లోనికి పోవుచు నుండెడిది. నొప్పి లేదు గనుక అతడు దానిని లెక్కచేయలేదు, ఇంటిలో చెప్పనూ లేదు. మూడు దినముల క్రిందట ధాన్యపు బస్తా నెత్తినపుడు బయటికి వచ్చినది తిరిగి లోనికి పోలేదు. గజ్జలోనే గాక బొడ్డువద్దను, పాత శస్త్రచికిత్స మచ్చలోను ఇట్టి వాపు రావచ్చును. స్త్రీలకు తొడ మొదట వచ్చు హెర్నియా చాల చిన్నదిగ నుండి కంటబడదు గాని, చిక్కుకొని బిగిసిపోవుటలో అదే ఎక్కువ ప్రమాదకరము. కడుపునొప్పియని వచ్చిన ముదుసలి స్త్రీ గజ్జలను చూడకుండ ముగించిన పరీక్ష పరీక్ష కాదు.

హెర్నియాను ముందుగ బాగుచేయించుకొన్నచో అది సాధారణముగ చిన్న శస్త్రచికిత్స. ఒకటి రెండు దినములలో ఇంటికి పోవచ్చును. ప్రేగు బిగిసి కుళ్ళిన పిదప చేయునది పెద్ద శస్త్రచికిత్స. కుళ్ళిన భాగమును కోసివేసి మంచి కొనలను కుట్టవలసి యుండును. లోనికి పోవుచుండిన వాపు ఒకనాడు పోక, నొప్పియు గట్టితనమును కలిగినచో అది ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలసిన సమయము. దానిని బలవంతముగ చేతితో లోనికి నొక్కరాదు.

గృహిణి గజ్జలలో వాపు లేదు. ఆమె పొట్టమీద పాత కుట్ల మచ్చ కలదు. పొట్ట తెరచిన పిదప మానుటలో ప్రేగుచుట్టల నడుమ సన్నని పొరలు, త్రాళ్ళవంటి అతుకులు ఏర్పడుట కలదు. కొన్ని వారములకు గాని, ఇరువది ఏండ్లకు గాని ఆ త్రాటిలో ఒక ప్రేగుచుట్ట చిక్కుకొనవచ్చును. శస్త్రచికిత్సలు విరివిగ జరుగు దేశములలో చిన్నప్రేగు అడ్డంకికి అన్నిటికన్న పెద్ద కారణము ఇదియే. తెలుగు ప్రాంతములకు ఈ సంగతి ప్రత్యేకముగ పట్టును. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు జరిగినవారి శాతమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే దేశములో మొదటి రెండు స్థానములలో నుండెను. అవసరము లేని శస్త్రచికిత్స ఖర్చు ఆసుపత్రి బిల్లుతో తీరిపోదు. అతుకుల వలన కలిగిన అడ్డంకి పెక్కుమందిలో కోత లేకుండగనే విడిపోవును. ముక్కుగుండ గొట్టము వేసి జఠరమును ఖాళీ చేయుచు, నరముగుండ సెలైను ఎక్కించుచు, గంట గంటకు పొట్టను పరీక్షించుచు వేచియుందురు. ప్రేగునకు రక్తము ఆగిన గుర్తు కనబడిన క్షణమున ఆ నిరీక్షణ ముగియవలెను.

యువతి వ్యాధి క్షయ. క్షయ ఊపిరితిత్తులకే పరిమితమను నమ్మకము ఇంకను బలముగ నున్నది. చిన్నప్రేగు పెద్దప్రేగులో కలియుచోట అది తరచుగ స్థావరమేర్పరచుకొని, పుండ్లు మాని దారిని ఇరుకు చేయును. భారతదేశములో ఆంత్రావరోధమునకు ఇది ముఖ్య కారణములలో నొకటి. ఇట్టివారికి అడ్డంకి ఒక్కసారిగ రాదు. భోజనము తరువాత కడుపు మెలిపెట్టుట, గుడగుడమని శబ్దముతో నొప్పి విడుచుట నెలల తరబడి జరుగును. ఆ దశలో కనుగొన్నచో పెక్కుమందికి ఆరు నెలల మందులతోనే నయమగును; ఆ మందులను ప్రభుత్వము ఉచితముగ నిచ్చుచున్నది.

ఇతర కారణములు

పసిబిడ్డలలో, ముఖ్యముగ అయిదు నుండి పది నెలల వయస్సులో, ప్రేగులోని ఒక భాగము దాని తరువాతి భాగములోనికి చొక్కా చేతిని లోనికి మడిచినట్లు చొచ్చుకొనిపోవుట కలదు. ఆడుకొనుచున్న బిడ్డ హఠాత్తుగ కాళ్ళు పొట్టకు ముడుచుకొని కెవ్వున ఏడ్చి, కొంతసేపటికి ఊరకుండి, మరల ఏడ్చును. నడుమ నడుమ పాలిపోయి సోలిపోవును. పిదప జిగటతో కలిసిన ఎర్రని మలము పడును. దీనిని రక్తవిరేచనములని తలచి ఇంటి మందుతో కాలము గడపుట ప్రాణాపాయము. సకాలమున తెచ్చినచో, మలద్వారము గుండ గాలిని గాని ద్రవమును గాని జాగ్రత్తగ ఎక్కించి ఆ మడతను విప్పుట పెక్కుసార్లు సాధ్యమగును.

కొంచెము పెద్దపిల్లలలో ఏలికపాములు ఉండచుట్టుకొని దారిని మూయగలవు. 2015లో ఆరంభమైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున బడులలోను అంగన్‌వాడీలలోను ఇచ్చు ఆల్బెండజోల్ మాత్ర ఈ పురుగులను పోగొట్టుటకే. వృద్ధులలో, చిరకాల మలబద్ధకము గలవారిలో, పెద్దప్రేగు దిగువచుట్ట తనచుట్టు తాను మెలితిరుగును. మలద్వారము గుండ దర్శిని గొట్టము పంపి ఆ మెలిని విప్పవచ్చును గాని, అది మరల పడు స్వభావము గలది. నడివయస్సు దాటినవారికి మలవిసర్జన అలవాటు క్రొత్తగ మారి, రక్తము కూడ పడుచున్నచో పెద్దప్రేగు కాన్సరును అనుమానింపవలెను. పుట్టిన బిడ్డ పచ్చని వాంతి చేసికొన్నచో అది ఏ గంటకైనను అత్యవసరమే. ఇవి గాక, దారి తెరచియే యుండి ప్రేగు కదలక నిలిచిపోవుటయు కలదు. శస్త్రచికిత్స తరువాతను, రక్తములో పొటాషియము తగ్గినపుడును ఇట్లు జరుగును. స్టెతస్కోపు పెట్టినచో పొట్ట నిశ్శబ్దముగ నుండును.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథములు ఉదరరోగములను ఎనిమిదిగ విభజించి, అందొకదానికి బద్ధగుదోదరమని పేరిడినవి. ఆహారములో కలిసిన వెంట్రుకల వంటివి ప్రేగును బంధించునని కారణము కూడ చెప్పినవి. సుశ్రుత సంహిత పొట్ట తెరచి అడ్డును తొలగించు విధానమును, ప్రేగు గాయపు అంచులను నల్లచీమలచే కరపించి అతుకు విధానమును వర్ణించుచున్నది. మత్తుమందు లేని కాలమున అట్టి చికిత్సకు సాహసించిన వైద్యుడు అడ్డమన్నంత మాత్రమున తృప్తిపడక, ఏమి అడ్డమైనదని వెదకెను.

ఇంటిలో చేయరానివి కొన్ని కలవు. నాలుగు లక్షణములలో రెండు కనబడిన వెంటనే నోటిగుండ అన్నము, నీరు, మందు మానవలెను. ఆముదము మొదలైన విరేచనకారులను ఇయ్యరాదు. మూసిన దారిమీద ప్రేగును కొరడాతో అదలించుట వంటిది ఆ పని. నొప్పి పెరుగును, ఉబ్బిన ప్రేగు చిల్లుపడును. పొట్టను నూనెతో గట్టిగ తోముట, పసిబిడ్డల పొట్టపై వాతలు పెట్టుట కూడ కూడదు. శస్త్రచికిత్స వసతి గల ఆసుపత్రికి నేరుగ పోవుట మేలు. నడుమ రెండు మూడు చోట్ల ఆగుటలో పోవు గంటలే పెక్కుమందిని బలిగొనుచున్నవి.

వ్యాధి పేరు అంకె యగుట

రోగి ఇంటికి పోయిన పిదపను, లేక మరణించిన పిదపను, అతని చీటి మరియొక చోటికి పోవును. అచ్చట వ్యాధి పేరునకు బదులు ఒక సంకేత సంఖ్య వేయుదురు. ఈ పనికి పెద్ద చరిత్ర కలదు. 17వ శతాబ్దమున లండన్ నగరములో వారము వారము అచ్చువేయుచుండిన మరణ పట్టికలలో 'ప్రేగులు పిండుట' యను అర్థమిచ్చు మాట ఒక మరణకారణముగ నుండెను. అందు ఎన్ని వేరు వ్యాధులు కలగలిసియున్నవో నేడు ఎవ్వరును విడదీయలేరు. 1662లో జాన్ గ్రాంట్ అను వర్తకుడు ఆ పట్టికలనే కూర్చి పరిశీలించి గ్రంథము వ్రాసెను. 19వ శతాబ్దమున ఇంగ్లండులో విలియమ్ ఫార్, ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు వాడుచుండగ లెక్క కుదరదని వాదించెను. ఫ్రాన్సు దేశీయుడగు జాక్ బెర్టిలాన్ సిద్ధపరచిన పట్టికను 1893లో చికాగోలో జరిగిన సమావేశమున అంతర్జాతీయ గణాంక సంస్థ అంగీకరించెను. 1948లో ఆరవ సవరణ నాటికి ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చెను. మరణములకే గాక వ్యాధులకును అప్పటినుండియే అది వర్తించినది. పదవ సవరణ 1990లో ఆమోదింపబడెను. పదునొకండవది 2019లో ఆమోదము పొంది 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. అందు చిన్నప్రేగు అడ్డంకియు పెద్దప్రేగు అడ్డంకియు వేరువేరు చోట్ల నున్నవి.

పదవ సవరణలో 'కె' అక్షరము జీర్ణమండలమునకు చెందినది. 'కె 56' హెర్నియా లేని ఆంత్రావరోధము. చుక్క తరువాతి అంకె కారణమును చెప్పును: 0 కదలిక నిలిచిన ప్రేగు, 1 ప్రేగులోనికి ప్రేగు చొచ్చుట, 2 మెలి, 3 పిత్తాశయపు రాయి అడ్డుట, 4 మలము మొదలైనవి గడ్డకట్టి అడ్డుట, 5 అతుకులు. 6 'ఇతరములు, వివరము తెలుపనివి'. వైద్యుడు అడ్డంకియని మాత్రము వ్రాసి ఊరకున్నచో అంకె వేయు గుమాస్తాకు ఈ ఆరు తప్ప గత్యంతరము లేదు.

ఈ శీర్షికలోని అసలు వివేకము అందు చేర్చిన వానిలో కంటె మినహాయించిన వానిలో నున్నది. హెర్నియాతో కూడినది కె 40 మొదలు కె 46 వరకు గల సంఖ్యలలోనికి పోవలెను. ఏలికపాముల వలన కలిగినది బి 77.0, ప్రేగుల క్షయ ఎ 18.3, పెద్దప్రేగు కాన్సరు సి 18, పుట్టుకతోనే చిన్నప్రేగు దారి మూసియుండుట క్యు 41. పైన చెప్పిన ముగ్గురు రోగులలో కె 56 క్రిందికి రావలసినది గృహిణి యొక్కతెయే. ఆమె సంఖ్య కె 56.5. యువతిని అచ్చట వేసినచో క్షయ నివారణ లెక్కలో ఒక రోగి తగ్గును. రైతును అచ్చట వేసినచో, ముందుగ హెర్నియా శస్త్రచికిత్స చేసినచో తప్పియుండెడి మరణములు ఎన్నియో ఆ జిల్లాకు ఎన్నటికిని తెలియవు.

రైతు మూడవ నాటి రాత్రి మరణించెననుకొందము. అతని మరణ కారణ ధ్రువపత్రములో మొదటి భాగమున వరుసగ పంక్తులు కలవు. మొదటి పంక్తిలో కడపటి కారణమును, దాని క్రింద దానికి మూలమైన దానిని, అన్నిటికన్న క్రింద మొత్తము గొలుసునకు ఆది కారణమును వ్రాయవలెను. ప్రతిదాని ఎదుట అది ఎంతకాలముగ నున్నదో చూపవలెను. గుండె ఆగుట, శ్వాస ఆగుట అనునవి మరణించిన వారందరికిని జరుగునవే గనుక కారణములు కానేరవు. అయినను చాల పత్రములలో అవియే కనబడుచుండును. భారతదేశమున 2020 నివేదిక ప్రకారము, నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువపరచినవి 22.5 శాతము మాత్రమే. ఇంత తక్కువలో వ్రాసిన కొన్నియు అర్థము లేనివైనచో మిగులునది స్వల్పము.

సరిగ వ్రాసిన సంఖ్యలు ప్రాణములను కాపాడిన దృష్టాంతము పసిబిడ్డల విషయముననే కలదు. అమెరికాలో 1998లో అనుమతి పొందిన మొదటి రోటావైరస్ టీకా పిదప కొందరు శిశువులలో ప్రేగులోనికి ప్రేగు చొచ్చుట ఎక్కువగుచున్నట్లు నివేదికలు వచ్చుటతో 1999లో దానిని ఉపసంహరించిరి. ఆ కేసులను వట్టి అడ్డంకియని వ్రాసియున్నచో ఆ పెరుగుదల కనబడియుండెడిది కాదు. అతిసారము నుండి బిడ్డలను కాపాడుటకు భారత ప్రభుత్వము వేరు రోటావైరస్ టీకాను 2016లో ఆంధ్రప్రదేశ్‌తో కూడ నాలుగు రాష్ట్రములలో మొదట ప్రవేశపెట్టినపుడు, ఆసుపత్రులలో ఈ వ్యాధినే పేరుపెట్టి లెక్కించిరి. టీకా వలన అది పెరిగినట్లు కనబడలేదు.

1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము, కడపటి వ్యాధిలో చికిత్స చేసిన వైద్యుడు రుసుము తీసికొనకుండ ఈ పత్రమును ఇయ్యవలెను. ఆసుపత్రిలో జరిగిన మరణమునకు 4వ నమూనాను, బయట జరిగిన దానికి 4-ఎ నమూనాను వాడుదురు. 2023 సవరణ పిదప ఒక ప్రతి దగ్గరి బంధువునకు కూడ అందవలెను. రైతు కుమారుని చేతికి వచ్చు ప్రతిలో మూడు పంక్తులుండవలెను: రక్తము విషపూరితమగుట, ఒక దినము, చిన్నప్రేగు కుళ్ళుట, రెండు దినములు, కుడి గజ్జలో బిగిసిన హెర్నియా, వాపు మొదలై ఆరేండ్లు. దాని సంఖ్య కె 40.4. బ్రతికి ఇంటికి పోవు గృహిణి డిశ్చార్జి చీటిలో అతుకులను మాటయు, పాత శస్త్రచికిత్స ఏ యేట, ఎందుకు జరిగినదో ఆ వివరమును ఉండవలెను. ఆమెకు మరల ఎన్నడైన కడుపునొప్పి వచ్చినచో, ఏ ఊరి ఆసుపత్రికి పోయినను, ముందు చూపవలసిన కాగితము అదియే.